మూడు తాళ్ళ మీద కొఠారు

5-2-61, ఆదివారం

ఇది వల గుర్తుల పుస్తకం. ఎక్కడ వల వేస్తే ఏం పడింది, అక్కడి నుంచి చూస్తే ఒడ్డు మీద ఏ గుర్తు వెనక ఏ గుర్తు వచ్చి నిలబడింది, అంతే ఇందులో రాయాలి. మొదటి పేజీలో మా నాయన చెప్పిన గుర్తు ఉంది. దక్షిణం నుంచి వచ్చేటప్పుడు మూడు తాళ్ళ మీద ఉప్పు కొఠారు వచ్చి నిలిస్తే, అంటే మూడు తాటిచెట్ల వెనక కొఠారు వరసకు వస్తే, మన ఊరు. ఇన్నేళ్ళలో ఇంకో రకం మాట ఒక్కటి రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

పోయినేడు మద్రాసులో పద్నాలుగు అంతస్తుల మేడ నేను ఎక్కలేదు.

రాశాను. కొంచెం తేలికైంది.

ఎక్కానని ఊరంతా చెప్పాను. నైలాను నూలు కోసం సొసైటీ వాళ్ళతో పోయిన రోజు అది. వాళ్ళు కొట్లో బేరం చేస్తుంటే నేనొక్కడినే మేడ చూడబోయాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి పోయాను. మన ఊరి మగ్దలీనమ్మ కొడుకు జీవానందం అక్కడ లిఫ్టు నడుపుతున్నాడు. "రా పెద్దయ్యా, నిమిషంలో పైన ఉంటావు" అన్నాడు. దానికి ఇనుప జాలీ తలుపు. ఎండ్రకాయల బుట్ట మాదిరి ఉంది. ఒక కాలు లోపల పెట్టాను. కింద కొంచెం కదిలింది. కాలు తీసుకున్నాను. బయటికి వచ్చి చెప్పుల దగ్గర మెట్టు మీద గంటసేపు కూర్చున్నాను.

ఊరికి వచ్చాక వలల పాకలో అడిగారు. చూసినావా అంటే చూశానన్నాను. అది అబద్ధం కాదు, కింది నుంచి చూశాను. పైనుంచి ఏం కనపడింది అన్నారు. "మన ఊరు కనపడింది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పదిమంది చేతిలో పని ఆపి నా మొహం చూశారు. అరవై రెండేళ్ళలో నా మాట కోసం పదిమంది ఆగడం అదే మొదలు. ఇక నేను ఆగలేదు. కార్లు చీమలన్నాను. మనుషులు ఆవాలన్నాను. వారం రోజులు మాట్లాడాను. పేరమ్మ కూడా ఇంటి గడప దగ్గర కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

ఇవాళ అన్నం పెడుతూ, "నాకూ చూపించు" అంది.

నా భార్య నలభై ఏళ్ళలో నన్ను ఏదీ అడగలేదు. సరే అన్నాను.

నాకు అక్షరాలు నేర్పింది ఎలిశబెతు పంతులమ్మ. నోటితో పలికి రాయకపోతే వేళ్ళ మీద కొట్టేది. ఇప్పటికీ పలికితేనే నాకు అక్షరం కుదురుతుంది. ఇంత రాసేసరికి గొంతు ఎండిపోయింది. తడిక అవతల పేరమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. ఆమెకు చదువు రాదు. కాబట్టి ఈ పుస్తకంతో భయం లేదు.

7-2-61

ఏటి మొగ మీద సత్రం. కానగంతలు రెండు బుట్టలు.

9-2-61

పేరమ్మ తమ్ముడు మాల్యాద్రి ఇవాళ పాకలో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వాడు కూర్చుంటే ఊరికే కూర్చోడు.

"బావా, అక్కని మద్రాసు తీసకపోతా ఉండావంట."

అవునన్నాను.

"మేడ మీదనుంచి మన ఊరు కనపడిందంటివి. ఏ గుర్తు మీద ఏ గుర్తు?"

ఏడాది పొడుగునా ఎవరూ అడగలేదు. తెప్ప మీద నుంచి ఒడ్డు చూసి వచ్చినవాడు ముందు చెప్పేది అదే. నాకే తట్టలేదు. ఇక వాళ్ళకేం తడుతుంది? "కళ్ళలో ఎండ పడింది, సరిగా ఆనలా" అన్నాను.

మాల్యాద్రి చేతిలో నూలు కండె కింద పెట్టాడు.

"ఉత్తరం పక్క చూస్తా ఉంటే కళ్ళలో ఎండ యాడిది బావా? మద్రాసోళ్ళకి సూర్యుడు మన ఊరి మీద పొడుస్తాడా?"

పాకంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేయాలో తెలియక.

"నేనూ వస్తా. అక్కకి నువ్వు చూపిస్తావు, అక్క నాకు చూపిస్తుంది. వచ్చినాక ఈడ కూర్చోని అందరికీ చెబుతా" అన్నాడు.

10-2-61

వాడు నిజంగానే వస్తున్నాడు. సంచీ అడిగి తీసుకుపోయాడు.

14-2-61

ఆలోచించాను. కడుపు నొప్పి అని చెబుతాను. బయలుదేరే రోజు చెబితే నమ్మరు. ఇప్పటి నుంచే కొంచెం కొంచెం మొదలుపెట్టాలి. రేపు పొద్దున లేవగానే.

15-2-61

పొద్దున లేచాను. ఇంకా నోరు తెరవలేదు. పేరమ్మ వాము నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"తాగు. కడుపుకి మంచిది."

తాగాను. ఘాటుకి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇక నొప్పి అని ఎలా అనడం?

ఈమెకు ఎలా తోచిందో. ఆడవాళ్ళకు కొన్ని తోస్తాయి కాబోలు.

18-2-61

జీవానందానికి కార్డు రాశాను. మనవరాలితో కలిపి నలుగురం వస్తున్నాం, పోయినేటి సంగతి ఎత్తవద్దు అని. వాడు నోరు జారితే అంతే. విడవలూరు దాకా నడిచిపోయి నా చేత్తో నేనే డబ్బాలో వేసి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పేరమ్మ, "మనం పోయేలోగా కార్డు అందుతుందా?" అంది.

"ఏ కార్డు?"

"ఏ కార్డయినా."

21-2-61

గుర్తు తప్పాను. వల రాళ్ళ మీద పడి చిరిగింది. మాల్యాద్రి చిరుగు చూసి కండె అందించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

24-2-61

భయం మేడ అంటే కాదు. పైనుంచి కిందికి చూడడం కూడా కాదు. ఆ జాలీ తలుపు మూసే క్షణం ఒక్కటే. తెప్ప మీద నాలుగు పక్కలా ఖాళీ. యాభై ఏళ్ళు అలా ఉన్నవాడిని బుట్టలో పెట్టి మూత వేస్తే?

మాల్యాద్రి ముందు కాలు వెనక్కి తీస్తే ఊరు నవ్వుతుంది. నవ్వనీ. పేరమ్మ ముందు తీస్తే ఎలా? నలభై ఏళ్ళుగా నన్ను సముద్రం మీదికి పంపి ఆమె ఇంట్లో కుదురుగా ఉన్నది, నాకు భయం తెలియదనే.

ఇక్కడ ఆపాను. తడిక అవతల పేరమ్మ మనవరాలితో మాట్లాడుతోంది. చెంచు మా మస్తానమ్మ కూతురు, ఏడేళ్ళది. అది కూడా వస్తుంది మద్రాసు.

"జాలీ తలుపుకి భయమెందుకే? మూసేదాకా కళ్ళు మూసుకుంటే సరి."

"నాకు భయం లేదవ్వా" అంది చెంచు.

"నీకు గాదులే."

ఆ జాలీ సంగతి ఈమెకు మగ్దలీనమ్మ చెప్పి ఉంటుంది.

26-2-61

రేపు ప్రయాణం. పేరమ్మ ఎర్ర కోక ఉతికి పాక మీద ఆరేసింది. అది కట్టుకో అన్నాను. "మద్రాసులో మురికవుతుంది, పచ్చది చాల్లే" అంది. మస్తానమ్మ ఇంటి దగ్గర ఉంటుంది.

చెంచు దారిన పోయే ప్రతివాడికీ చెబుతోంది, మా తాతకి ఆ మేడ తెలుసు, ఇంతకు ముందే ఎక్కినాడు అని.

2-3-61, గురువారం

నిన్న తిరిగి వచ్చాం. పుస్తకం తీసుకుపోలేదు. అన్నీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను. చెయ్యి ఆగడం లేదు.

నెల్లూరు దాకా బస్సు. అక్కడ రైలు. పేరమ్మకు రైలు ఇదే మొదలు. కిటికీ కమ్మీ పట్టుకుని గూడూరు దాకా వదలలేదు. మనుబోలు దగ్గర రైలు ఊరికే ఆగింది. పేరమ్మ, "చెడిపోయిందా?" అని భయపడింది. మాల్యాద్రి దారంతా పెట్టెలో ఉన్నవాళ్ళకు లిఫ్టు గురించి చెబుతున్నాడు. వాడు జన్మలో లిఫ్టు చూడలేదు.

"ఏముందండీ, బావిలో చేద మాదిరే. నీళ్ళకి బదులు మనుషులు."

"తాడు తెగితే?" అన్నాడు ఒకాయన.

మాల్యాద్రి "తెగదు" అన్నాడు. ఆ తర్వాత మద్రాసు వచ్చేదాకా మాట్లాడలేదు.

మంగళవారం పొద్దున మేడ దగ్గరికి పోయాం. చెంచు రోడ్డు మీద తల వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర లెక్క పోయింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తొమ్మిది దగ్గరే పోయింది. "తాతా, ఇది కదలతా ఉంది" అంది. కదిలేది మబ్బు అని చెప్పాను. చెబుతూ నేనూ పైకి చూశాను. మేడే కదులుతోంది.

గుమ్మం దగ్గర అందరం చెప్పులు విప్పాం. ఫ్యాంటు వేసుకున్న ఒకాయన మమ్మల్ని చూసి నవ్వుకుంటూ బూట్లతోనే లోపలికి పోయాడు. "గుడి గాదా ఇది?" అంది పేరమ్మ. "ఇంత ఎత్తు కట్టినాక గుడి కాకపోయినా విప్పొచ్చులే" అంది మళ్ళీ తనే.

జీవానందం నన్ను చూడగానే, "రా పెద్దయ్యా, పోయినసారి మాదిరే పైకి పోదామా?" అన్నాడు. ఒక కన్ను కొట్టాడు. మాల్యాద్రి చూడలేదు. వాడు జాలీ తలుపు చూస్తున్నాడు.

చెంచు ఎగిరి లోపల దూకింది. పేరమ్మ కోక కొంచెం ఎత్తిపట్టి, ఏరు దాటుతున్నట్టు లోపల అడుగు పెట్టింది. మాల్యాద్రి ఒక కాలు పెట్టాడు. రెండో కాలు బయటే ఉంది. మొహం మీద చెమట.

"బావా, చెప్పులు ఎవరైనా ఎత్తకపోతే? కొత్తవి నాయి. నేను ఈడే ఉంటా."

ఆ కాలు చూశాను. ఆ కాలు నాకు బాగా తెలుసు. పాకంతా నన్ను చూసి నవ్వేలా చేసినవాడి కాలు అది. ఏదైనా అనవచ్చు. అనబుద్ధి కాలేదు.

"ఉండు మాల్యాద్రి. చెప్పులు జాగ్రత్త" అన్నాను.

వాడు కాలు బయటికి తీశాడు. ఇక నేను. లోపలి నుంచి పేరమ్మ నా చొక్కా అంచు పట్టుకుంది. ఒక్కసారి లాగింది. రెండు కాళ్ళూ లోపలున్నాయి.

"కళ్ళు మూసుకో" అంది మెల్లగా.

మూసుకున్నాను. జాలీ గలగలమంది. కడుపు కిందికి పోయింది. అల నెత్తి మీద నుంచి తెప్ప జారినప్పుడు పోయినట్టే పోయింది, కాకపోతే ఇది ఎక్కడం. ఇంతేనా! రోజూ పడేదే కదా ఇది! నాకు నవ్వు వచ్చింది. చిన్న నవ్వు కాదు. ఆపుకుంటే ఇంకా వచ్చింది. కళ్ళు తెరిచాను. అంతస్తులు జాలీలోంచి కిందికి పడిపోతున్నాయి. వాటిని చూసి ఇంకా నవ్వాను.

"తాత నవ్వతా ఉండాడు!" అని చెంచు గెంతింది.

"గెంతబాకమ్మా, ఇది లిఫ్టు" అన్నాడు జీవానందం. వాడూ నవ్వుతున్నాడు.

పైన గాలి. ఉప్పు గాలే, కానీ చేపల వాసన లేదు. పిట్టగోడ పట్టుకుని చూశాం. కార్లు చీమలు కావు. పురుగులంత ఉన్నాయి. మనుషులు ఆవాలు కారు, మనుషులే, కాకపోతే తలలూ కాళ్ళూ తప్ప మధ్యలో ఏమీ లేదు. తూర్పున సముద్రం. అంత సముద్రం నేను ఎప్పుడూ చూడలేదు. నేను దాని మీద ఉన్నాను కానీ దానికి పైన ఎప్పుడున్నాను? అలలు కదలడం లేదు. సున్నం గీతల్లాగా ఉన్నాయి. రేవులో ఓడలు, బొమ్మలు.

చెంచు నా వేలు పట్టుకుని లాగింది.

"తాతా, మన ఊరు చూపించు."

ఉత్తరం చూశాను. ఇళ్ళు, చెట్లు, ఆ తర్వాత తెల్లటి మసక. మసక తర్వాత ఏమీ లేదు. ఊరు వంద మైళ్ళ పైన. చూపిస్తున్నట్టు వేలు ఎత్తితే చాలు, చెంచు కనపడింది అంటుంది. వేలు ఎత్తాను కూడా.

దించాను.

"కనపడదమ్మా. పోయినేడు కూడా కనపడలా. నేను ఎక్కనే లేదు. కిందనే చెప్పులకాడ కూర్చున్నా" అన్నాను. చెంచుకు చెప్పాను. పేరమ్మ వైపు చూడలేదు.

"తెలుసు" అంది పేరమ్మ.

గాలికి సరిగా వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అంది, "నాకు తెలుసులే."

"ఎట్టా?"

"నువ్వు పెళ్ళికి పోయొచ్చినా, ఆడ పందిట్లో ఎవరి వెనకాల ఎవరు నిలబడుండారో చెబుతావు. ఇంత మేడ ఎక్కినానంటివి, వారం రోజులు చెప్పినావు, ఒక్క గుర్తు చెప్పలా. మొదటి రోజే తెలిసింది."

"మరి తీసకపొమ్మని ఎందుకడిగినావు?"

"ఆ వారం రోజులూ ఎంత మాట్లాడినావయ్యా! నాకు బాగుండింది. ఎక్కకుండానే అంత మాట్లాడితే, ఎక్కితే ఇంకెంత మాట్లాడతావో అనుకున్నా."

మాట్లాడాల్సిన చోట మాట్లాడలేకపోవడం నాకు కొత్త కాదు.

తనే అంది, "నువ్వు ఎప్పుడూ అటునుంచి ఇటు చూస్తావు. నీకు గుర్తులుంటాయి. నేను ఇటునుంచి అటు చూస్తా ఉంటా. నాకేముంది గుర్తు? నీ తెరచాప ఒకటే. దాని వెనకాల ఇంకోటి ఉండదు."

మా ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. ఎక్కకూడదు. సముద్రం మీద నుంచి ఊరు ఎలా ఉంటుందో ఒక్కరు కూడా చూడలేదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎప్పుడూ తెలిసినట్టు లేదు.

ఆమె భుజం పట్టుకుని ఈశాన్యం వైపు తిప్పాను. నలుగురిలో అలా పట్టుకోవడం కూడా మొదలే.

"ఒక కన్ను మూయి. ఆడ దీపస్తంభం కనపడిందా? దాని ముందర, ఇటు పక్కగా, చర్చి శిఖరం చూడు. ఇప్పుడు శిఖరం ఎడమ పక్కన ఉంది. నువ్వు ఎడమకి నడువు. దాన్ని వదలొద్దు."

పిట్టగోడ పట్టుకుని ఒక కన్ను మూసుకుని నాలుగు అడుగులు వేసింది. ఆగింది.

"జరగతా ఉంది!"

"నడువు."

"శిఖరం దీపం కిందికి పోతా ఉంది! పోయింది! మీదికొచ్చి నిలబడింది అయ్యా, శిఖరం మీద దీపం నిలబడింది!"

"అదే గుర్తు. ఆడ నువ్వు వల వేసినావు."

వెనక్కి నడిచింది, విడిపోయాయి. ముందుకు నడిచింది, కలిశాయి. మళ్ళీ విడదీసింది, మళ్ళీ కలిపింది. పచ్చ కోక గాలికి ఎగురుతోంది, ఒక కన్ను మూసి ఉంది, నోరు తెరిచి ఉంది, అటు పది సార్లు ఇటు పది సార్లు. చెంచు వెనక. చెంచు వెనక నేను. అందరం ఒక కన్నుతోనే. పైకి వచ్చినవాళ్ళంతా దారి ఇచ్చి నిలబడ్డారు. జీవానందం ఒకాయనకు అరవంలో ఏదో చెప్పాడు, ఆయన కూడా ఒక కన్ను మూసి నడవడం మొదలుపెట్టాడు.

కిందికి వచ్చేసరికి మాల్యాద్రి నాలుగు జతల చెప్పులూ వరసగా సర్ది కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఏమీ అడగకుండా ఉండడం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. తిరుగు రైల్లో చిన్నగా, "ఊళ్ళో ఏం చెప్పేది బావా?" అన్నాడు.

"చూసింది చెప్పు" అన్నాను. అది వాడికి పనికిరాలేదు.

3-3-61

ఇవాళ పాకలో వలల పని సాగలేదు. అందరూ మాల్యాద్రి చుట్టూ చేరారు. వాడు కార్లు చీమలు అంటున్నాడు. నేను తల వంచుకుని వల కన్నులు వేస్తున్నాను. ముసలి వెంకయ్య గుర్తుల్లో నాకంటే గట్టివాడు. అతను ముక్కుపొడుం పీల్చి అడిగాడు.

"అదంతా సరే అబ్బయ్యా. మన ఊరు కనపడిందా? ఏ గుర్తు మీద ఏ గుర్తు?"

మాల్యాద్రి నా వైపు చూశాడు. ఇప్పుడు నేను నిజం చెబితే వాడి పరువు పోతుంది, నాదీ పోతుంది. లేచి నిలబడ్డాను, చెప్పేద్దామనే.

పాక బయట బుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న పేరమ్మ ఆగింది.

"కనపడకేం మామా? మూడు తాళ్ళ మీద ఉప్పు కొఠారు వచ్చి నిలబడుండింది. మా పాక మీద నా ఎర్ర కోక ఆరేసి పోయినా గదా, దాని చెంగు గాలికి జారి కింద మట్టిలో పడుండింది. ఆడనుంచే అరిచినా, ఒసే మస్తానమ్మా, కోక తియ్యవే అని."

వెంకయ్య కిందికి దిగి ఇసుకలో వేలితో గీశాడు. ఇది దక్షిణం, ఇవి తాళ్ళు, ఇది కొఠారు. గీత గీసి, ఒక కన్ను మూసి చూశాడు.

"సరిపోయింది" అన్నాడు. "దక్షిణం నుంచి చూస్తే అదే గుర్తు. ఆడమనిషి తెప్ప ఎక్కేది లేదు, ఇంకెట్ట తెలస్తుంది? కనపడింది. నిజమే."

అప్పుడే నాకు అన్నం తెచ్చిన మా మస్తానమ్మ వెనక నుంచి, "అవును, మంగళవారం కోక చెంగు మట్టిలో పడింది. నేనే తీసి ఉతికినా. ఎవురో పిలిచినట్టే ఉండింది నాకు" అంది.

పేరమ్మ అటు తిరిగి బుట్ట సర్దుకుంది. బుట్ట ఊగుతోంది, నవ్వుకి.

"ఆ చెంగు నేను కూడా చూసినా" అన్నాడు మాల్యాద్రి.

4-3-61

అడిగాను. ఆ గుర్తు నీకెట్టా తెలుసు అని.

"మొదటి పేజీ గదా" అంది పేరమ్మ.

"నీకు చదువు రాదు గదా."

"నీకొచ్చుగా. నలభై ఏళ్ళుగా పైకి చదువుకుంటా రాస్తా ఉండావు. మనకి ఉండేది తడిక గదయ్యా, గోడ గాదు." ఇక వరసగా చెప్పింది. ఏటి మొగ మీద సత్రం, కానగంతలు రెండు బుట్టలు. సవక తోపు మీద గోపురం, వంజరాలు. నేను మరిచిపోయినవి కూడా. సముద్రమంతా ఆమె దగ్గర ఉంది, తడి అంటకుండా.

వాము నీళ్ళు. కార్డు. జాలీ తలుపు. ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. చెవులు కాలిపోయాయి.

ఇక నుంచి పెదవులు మూసుకుని రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. నాలుగు అక్షరాలకు రెండు తప్పులు. పంతులమ్మ చెప్పింది నిజమే.

కాబట్టి ఇవాళ్టి గుర్తు మామూలు కంటే గట్టిగా పలుకుతూ రాస్తున్నాను.

చర్చి శిఖరం మీద దీపస్తంభం. దాని ముందు పచ్చ కోకలో, ఒక కన్ను మూసుకుని, పేరమ్మ. ఇంతకంటే మంచి గుర్తు ఈ పుస్తకంలో లేదు.

తడిక అవతల ఉప్పు రుద్దే చప్పుడు ఆగింది.

"సరిగా వినపడలా. ఇంకోసారి చదువు" అంది.